స్కోరరు పక్కన కుర్చీ

మంగళవారం పొద్దున్న పుంగ్గోల్‌లో రైలెక్కి ఫోను తీస్తే మా పాత క్రికెట్ గ్రూపులో నలభైకి పైగా మెసేజీలున్నాయి. ఆ గ్రూపు మూలపడి చాలా కాలమైంది. పండగ శుభాకాంక్షలకు తప్ప ఎవరూ నోరు విప్పరు. స్కోరర్ అంకుల్ పోయారని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దణ్ణాలు, పువ్వులు, దీపాలు. వాటి మధ్యలో మా వికెట్ కీపరు ఒక ముక్క రాశాడు. ‘మంచి మనిషి. ఒక్క పరుగు మింగేసి మనల్ని సెమీస్‌కి పోనివ్వలేదు గానీ, చాలా మంచి మనిషి.’ దానికి పదకొండు మంది నవ్వే బొమ్మలు తగిలించారు.

వాడు ప్రేమగానే రాశాడు. పోయినవాళ్ళ మీద మనవాళ్ళు వేసే జోకు అది. నేను మాత్రం నిలబడ్డచోటే ‘ఆ పరుగు మింగింది ఆయన కాదు’ అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ చేశాను, మళ్ళీ చెరిపేశాను. ఈ పని ఏడేళ్ళుగా చేస్తూనే ఉన్నాను, ఫోనులో కాకపోతే మనసులో. రైలు సెరంగూన్ దాటేసరికి నామీద నాకే విసుగు పుట్టి ఫోను జేబులో పెట్టేశాను.

ఆయన అసలు పేరు మాలో ఎవరికీ తెలియదు. గ్రూపులో పెట్టిన సంతాప పత్రం మీద పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా చూసి, ఎవరబ్బా ఈయన అనుకున్నాను. మాకు ఆయన స్కోరర్ అంకుల్. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో వచ్చేవారు. నెత్తిన గుడ్డ టోపీ. రెండు మడత కుర్చీలు, ఒక మడత బల్ల ఆయనే మోసుకొచ్చేవారు, ఎవరైనా అందుకోబోతే ఇచ్చేవారు కాదు. ప్లాస్టిక్ సంచిలో పోయించుకున్న పాలు లేని కాఫీని కుర్చీ చేతికి వేలాడదీసి, స్ట్రాతో మధ్యమధ్య ఒక్క గుక్క పీల్చేవారు. ఆట అయిపోయేసరికి సగం అలాగే మిగిలిపోయేది.

అంపైరు ఫోర్ అనో వైడ్ అనో సైగ చేస్తే, చూశానని స్కోరరు చెయ్యెత్తాలి. అది ఆటలో రూలే. మా అంపైర్లంటే బ్యాటింగు అయిపోయి వచ్చిన మావాళ్ళే కాబట్టి, సైగ చేసేసి స్లిప్‌లో వాడితో కబుర్లలో పడేవారు. అంకుల్ ఎత్తిన చెయ్యి దించేవారు కాదు. అంపైరు ఇటు తిరిగి చూసేదాకా అలాగే. ఒకసారి అవతలి జట్టు బౌలరు విసుక్కుని, చూశాంలే దించండి అని అరిచాడు. ఆయన దించలేదు. ఓవరు అయ్యాక పెన్ను కింద పెట్టి, “సుదా” అనేవారు. అయిపోయిందనడానికి మలయ్ మాట అది. పెళ్ళి భోజనం అయినా, వాన వెలిసినా, మనిషి పోయినా ఆయనకి సుదానే.

తెలుగు మాత్రం చక్కటి శ్రీకాకుళం వైపు తెలుగు. తాతల నాడు ఓడెక్కి వచ్చిన కుటుంబం. మధ్యమధ్య తమిళం, మలయ్ దొర్లేవి, తిన్నావా అనడానికి బదులు “మాకాన్ అయిందా బాబూ” అనేవారు. హార్బరులో ఓడల నుంచి దించే సరుకు లెక్క పెట్టే టాలీ క్లర్కుగా పనిచేశారట. ఆయన జీవితం గురించి నాకు తెలిసింది అంతే. అడిగితే ఇంకా చెప్పేవారేమో, నేను అడగలేదు.

నాకు క్రికెట్ రాదు. యూనివర్సిటీలో రీసెర్చికి వచ్చిన కొత్తలో తెలుగు మాట వినబడుతుందనీ, ఆట తర్వాత బిర్యానీ ఉంటుందనీ జట్టులో చేరాను. రెండు వారాల్లో రెండు తేలిక క్యాచ్‌లు వదిలేశాక మా కెప్టెన్, కరీంనగర్ కుర్రాడు, చాలా మర్యాదగా నన్ను అంకుల్ పక్క కుర్చీలోకి పంపాడు. స్కోరర్లు ఇద్దరుండాలని ఆయన పట్టుదల. చెరో పుస్తకం, ఓవరుకోసారి ఒకరిది ఒకరు సరిచూసుకోవాలి. అవతలి జట్లు స్కోరర్లని తీసుకురావడం ఎప్పుడో మానేశాయి. అయినా ఆయన ప్రతి ఆదివారం రెండో కుర్చీ వేసేవారు. నేను వచ్చేదాకా అది ఖాళీగానే ఉండేదట.

ఉరుముల హెచ్చరిక మోగితే ఇక్కడ ఆట ఆపాల్సిందే. అందరం రేకుల కిందకి చేరేవాళ్ళం. అప్పుడాయన ఒకే ఒక కథ చెప్పేవారు. పద్దెనిమిది వందల ఎనభై రెండులో లండన్‌లో జరిగిన ఆట, ఇంగ్లండు సొంత గడ్డ మీద ఆస్ట్రేలియాకి మొదటిసారి ఓడిన ఆట. తనకి స్కోరింగు నేర్పిన పెద్దమనిషి దగ్గర విన్నారట. ఆటగాళ్ళ పేర్లు చెప్పేవారు కాదు, అందరికీ తనే పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లండు పెద్ద బ్యాటరు ‘గెడ్డం డాక్టరు’. ఆస్ట్రేలియా బౌలరు ‘దెయ్యం’. ఆ రోజుల్లో నిజంగానే ఆ బౌలర్ని అలా పిలిచేవాళ్ళట. పరుగు పూర్తయ్యాక ఒక ఆస్ట్రేలియా కుర్రవాడు పిచ్ చదును చేద్దామని గీత దాటాడు. గెడ్డం డాక్టరు బంతితో వికెట్లు కొట్టి అవుటన్నాడు. దాంతో దెయ్యానికి ఒళ్ళు మండింది. ఇంగ్లండుకి ఎనభై అయిదు చాలు. యాభై ఒకటికి ఇద్దరే పోయారు. అక్కణ్ణించి కుప్పకూలి, డెబ్భై ఏడు దగ్గర అందరూ అయిపోయారు. ఆ ఉత్కంఠకి చూస్తున్నవాడొకడు గుండె ఆగి పోయాడంటారు, ఇంకొకడు గొడుగు పిడిని కొరికేశాడంటారు.

మావాళ్ళకి ఈ కథ కంఠతా వచ్చు. గొడుగు దగ్గరికి రాగానే ఎవడో ఒకడు తన గొడుగు అందించేవాడు. డాక్టరు చేసింది తప్పా రైటా అని ప్రతిసారీ వాదన పెట్టుకునేవారు. అంకుల్ అందులో వేలు పెట్టేవారు కాదు. అంపైరు అవుటన్నాడు, రనౌట్ అని రాయాలి, మనకి అంతవరకే పని అనేవారు. ఆయన బాధంతా వేరేచోట ఉండేది. ఆ ఆఖరి క్షణాల్లో స్కోరరు చెయ్యి ఎంత వణికిందంటే, చివరి బ్యాటరు పేరు ఎవరికీ అర్థం కాని రాత అయిపోయిందని ఒక మాట ఉందట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది.

“సెయ్యి వనికితే పక్కోడికి ఇయ్యాల. అందుకే కదా ఇద్దరు కూకుంటారు. ఆడు ఇయ్యలేదు. తప్పు ఆడిదే” అనేవారు.

ఒకసారి నేను, పాపం అతని పరిస్థితి అలాంటిది కదా అన్నాను. ఆయన నావైపు తిరిగి, ఆ రాత్రి ఆ స్కోరరు ఇంటికెళ్ళి ఏం తిన్నాడో ఎవరూ రాయలేదు బాబూ అన్నారు. గొడుగువాడి గురించి మాత్రం అందరూ రాశారట.

పక్కన కూర్చోవడం మొదలుపెట్టిన మూడు నెలలకి ఆయన నాకు ఒక సంగతి చెప్పారు. ఎడమ కంటికి పొర వచ్చింది. మైదానంలో ఎడమ పక్క, దూరపు మూలకి బంతి వెళితే సరిగ్గా ఆనడం లేదు. ఆపరేషనుకి తేదీ ఇచ్చారు, సీజను ముగిశాక చేయించుకుంటారు. “ఆళ్ళకి సెప్పకు. ఆ పక్క నువ్వు సూసి సెప్పు, నాను రాస్తాను” అన్నారు. మీరు వచ్చినంతకాలం నేనూ వస్తానంకుల్ అని మాటిచ్చాను. చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది. ఈ దేశంలో అప్పటికి నా అవసరం ఉన్న మనిషి ఆయనొక్కరే.

మాటివ్వడం తేలికే. నా ప్రయోగం ఆ ఏడాది ఎలా తయారైందంటే, శనివారం రాత్రంతా రెండు గంటలకోసారి లేచి నమూనాలు చూడాలి. ఆదివారం పొద్దున్న మొదటి రైలెక్కి నేరుగా మైదానానికి వచ్చేవాణ్ణి. మా గైడు వారంలో రెండుసార్లు నా డేటా చెత్త అని చెప్పేవాడు. వీసా ఇంకో ఆరు నెలలే ఉంది. నిద్రపోతే కలలో కూడా అలారమే మోగేది. అంకుల్ నా మొహం చూసి సంచిలో కాఫీ నావైపు జరిపేవారు.

ఆ ఆదివారం మాది గెలిస్తే సెమీఫైనల్ అనే ఆట. అవతలివాళ్ళు నూట పద్దెనిమిది కొట్టారు. మాకు నూట పంతొమ్మిది కావాలి. ఎండ మాడ్చేస్తోంది. పదో ఓవరు దాకా నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పద్నాలుగో ఓవర్లో బంతి ఎడమ మూలకి వెళ్ళింది. అంకుల్ గొంతు దగ్గరలోనే వినిపించింది.

“ఒకటా, రెండా బాబూ?”

“ఒకటి” అన్నాను.

నేను చూడలేదు. నా కళ్ళు మూసుకునే ఉన్నాయి. నోరు దానంతటది ఏదో ఒకటి చెప్పేసింది. ఆయన రాసుకున్నారు. మళ్ళీ నేను కళ్ళు తెరిచేసరికి రెండో మూడో ఓవర్లు గడిచిపోయాయి, నా మొహం మీద ఆయన టోపీ ఉంది. ఎండ తగలకుండా పెట్టారు. ఆయన బట్టతల చెమటతో నిగనిగలాడుతోంది. నేను టోపీ తిరిగిచ్చి, నా పుస్తకంలో ఖాళీ గడులు ఆయనది చూసి నింపుకున్నాను. ఆయన పెట్టుకుని, ఎడమ పక్కకి చూడమన్నట్టు గడ్డంతో సైగ చేశారు.

ఆఖరి బంతికి బోర్డు మీద నూట పదిహేడు. తొమ్మిది వికెట్లు పోయాయి. గెలవాలంటే రెండు కావాలి. బ్యాటరు ఎదురుగా కొట్టాడు, ఒకటి సులువుగా వచ్చింది, రెండోదానికి ప్రాణాలకు తెగించి పరిగెత్తి రనౌటయ్యాడు. స్కోరు సమం. కెప్టెన్లిద్దరూ పుస్తకంలో సంతకాలు పెట్టారు. టై వల్ల వచ్చిన పాయింటు మాకు సరిపోలేదు.

ఆ సాయంత్రం మావాడొకడి భార్య, భర్త బ్యాటింగుని తను తీసిన వీడియో చూస్తుంటే బయటపడింది. పద్నాలుగో ఓవర్లో వాళ్ళు తీసింది రెండు పరుగులు. అంటే ఆఖరి బంతికి మాకు కావలసింది ఒక్కటే. దాన్ని మేం తీసేశాం కూడా. మేం గెలిచాం. సంతకాలయ్యాక ఫలితం మార్చడం కుదరదని లీగువాళ్ళు చెప్పేశారు.

తర్వాతి ఆదివారం అంకుల్ ఎప్పటిలాగే బల్ల వేసుకుంటుంటే కెప్టెన్ వెళ్ళి ఫోను చూపించాడు. జట్టంతా చుట్టూ మూగింది. నేను రెండో కుర్చీ మడత విప్పుతూ అక్కడే ఉన్నాను. ఆయన ఫోనుని కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూశారు. ఏ ఓవరు అని అడిగి, పుస్తకం తిప్పి, ఆ గడి మీద వేలు పెట్టారు.

“రెండే. నానే తప్పు రాసాను. కన్ను ఆనట్లేదు నాకు” అన్నారు.

నావైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేను నోరు విప్పేవాణ్ణేమోనని ఏడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది ఉత్త మాట. చూసినా చెప్పేవాణ్ణి కాదు. కన్ను కనబడకుండా ఎందుకు రాశారని ఎవడో గట్టిగానే అడిగాడు. కెప్టెన్ వాణ్ణి పక్కకి లాగాడు. నేను కుర్చీ సరిగ్గా పడిందో లేదో చూస్తున్నట్టు వంగి ఉన్నాను. అలసటవల్ల మాట రాలేదని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. అలసట నిజమే. కానీ నన్ను ఆపింది భయం. ల్యాబులో ఎలాగూ పనికిరానివాణ్ణి, ఇక్కడా పనికిరానివాణ్ణని తేలిపోతుందని భయం.

ఆ రోజు ఆట పూర్తయ్యేదాకా రాసి, పుస్తకం కెప్టెన్ చేతికిచ్చి, ఇకమీదట వేరేవాళ్ళని చూసుకోండి అన్నారు. రెండు కుర్చీలూ బల్లా ఆయనే మోసుకుని బస్‌స్టాపుకి వెళ్ళిపోయారు. మళ్ళీ మైదానానికి రాలేదు. తర్వాతి వారం నుంచి స్కోరు రాయడానికి ఫోనులో యాప్ వచ్చింది. నాకూ అక్కడ పని లేకపోయింది.

తర్వాత ఒక్కసారే కలిశాను. రెండేళ్ళ తర్వాత, తిండి దుకాణాలుండే టోవా పాయో హాకర్ సెంటరులో, మధ్యాహ్నం పూట. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టుకుని, వెనక్కి తిరిగితే పక్క బల్ల దగ్గర ఆయన. ఆపరేషను అయ్యాక రెండు కళ్ళూ బాగా కనబడుతున్నాయని సంతోషంగా చెప్పారు. ఎదురు దుకాణం బోర్డు మీద ధరలు చదివి వినిపించారు. నా ఉద్యోగం అడిగారు, పర్మినెంటయిందంటే తలూపారు. నిద్ర పడుతోందా అని అడిగారు. పడుతోందన్నాను. చెప్పేద్దామని గొంతు దాకా వచ్చింది. అంతలో నా నంబరు పిలిచారు, నూడుల్స్ తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నారు. మళ్ళీ గ్రౌండుకి రాకూడదా అంకుల్ అన్నాను. ఇప్పుడు ఫోనే రాసేస్తోంది కదా బాబూ అని నవ్వి వెళ్ళిపోయారు. ఆయన ఉండేది అక్కడికి రెండు బ్లాకుల అవతల. నేను ఏనాడూ వాళ్ళింటికి వెళ్ళలేదు.

మంగళవారం సాయంత్రం మొదటిసారి వెళ్ళాను. బ్లాకు కింద ఖాళీ జాగాలో టెంటు కట్టి, గుండ్రటి బల్లలు వేశారు. బల్లల మీద వేరుశనగలు, పొట్లాల్లో తీపి పానీయాలు. మండాయి శ్మశానానికి తీసుకెళ్ళేది మర్నాడట. పెట్టెలో ఆయన ఇస్త్రీ తెల్ల చొక్కాతోనే ఉన్నారు. మా జట్టువాళ్ళు ఆరుగురు ఒక బల్ల చుట్టూ చేరారు. పొట్టలొచ్చాయి, జుట్లు పోయాయి. కీపరు మెల్లగా ఆ పరుగు కథ మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చినవాడొకడికి చెబుతున్నాడు, పెద్దాయనకి చూపు లేదు, ఎవరికీ చెప్పకుండా రాసేవాడు అని.

“ఆయన అడిగారు. నేనే ఒకటని చెప్పాను. అప్పుడు నేను నిద్రపోతున్నాను” అన్నాను.

కీపరు చేతిలో శనగకాయ అలాగే ఉండిపోయింది. కెప్టెన్ నా భుజం మీద చెయ్యేశాడు.

“ఇప్పుడెందుకన్నా గీ ముచ్చట? పెద్దమనిషి పోయిండు. గా మ్యాచ్ ఇప్పుడెవరికి గావాలె?”

నాకు కావాలి అన్నాను. అక్కడే ఫోను తీసి, గ్రూపులో జరిగిందంతా నాలుగు వాక్యాల్లో రాసి పంపేశాను. ఏడేళ్ళు మోసింది నాలుగు వాక్యాలే. మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు, ఒళ్ళంతా ఇంకా అలసిపోయినట్టయింది. చదివినట్టు గుర్తులు ఒక్కొక్కటే వస్తున్నాయి గానీ ఎవరూ ఏమీ రాయలేదు.

పక్క బల్ల దగ్గర వచ్చినవాళ్ళకి పానీయాలు ఇస్తున్న ఆయన కూతురు ఇదంతా విన్నట్టుంది. నలభై ఏళ్ళుంటాయి. నా దగ్గరికి వచ్చి, అప్పా పక్క కుర్చీలో కూర్చున్నది మీరేనా అని అడిగింది. అవునన్నాను. అప్పాకి ఆ సంగతి తెలుసని చెప్పింది. మీరు నిద్రలో ఉన్నారని తెలిసి కూడా తను అంపైరుని అడగలేదు, అది స్కోరరు తప్పే అనేవారట. ఆ విషయంలో ఆయనతో వాదించి లాభం లేదంది. నేను, ఆ అవమానంతోనే మానేశారు కదా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

“అవమానమా? లేదండీ. ఆపరేషన్ అయ్యాక నేనే చెప్పాను, గో బ్యాక్ లా, యూ మిస్ ఇట్ అని. వినలేదు. ‘నాను ఎల్తే ఆ బాబు మల్లీ ఒచ్చి కూకుంటాడు, మాటిచ్చాడు కదా. వారమంతా నిద్ర లేదు ఆడికి, ఆదివారమైనా పడుకోనీ’ అన్నారు. ఎవ్రీ టైమ్ సేమ్ ఆన్సర్.”

ఈ ఏడేళ్ళలో వచ్చిన ఆదివారాలన్నీ నేను మధ్యాహ్నం దాకా పడుకున్నాను.